శ్రుతి దిగితే సిస్టర్‌కి తెలిసిపోయేది

న్యుమోనియా రెండు ఊపిరితిత్తులకూ పాకడంతో నన్ను ఐసీయూలో చేర్చారు. జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి గురించి రాయను. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, చేతికి సెలైన్, వేలికి పల్స్ ఆక్సీమీటర్ క్లిప్పు పెట్టారు. మానిటరేమో నా తల వెనక ఉండేది. అంకెలు కనపడవు, శబ్దం వినపడేది. వేరే పనేముంది, వింటూ పడుకున్నాను.

గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక బీప్. కానీ ఆ బీప్ ఎప్పుడూ ఒకే శ్రుతిలో ఉండేది కాదు. దగ్గు తెర వచ్చి ఊపిరి అందనప్పుడు మెట్టు మెట్టుగా కిందికి దిగేది, కాస్త తేరుకోగానే పైకెక్కేది. అంటే వేగం నాడిని చెబుతోంది, శ్రుతి రక్తంలోని ఆక్సిజన్‌ని చెబుతోంది. రెండు కబుర్లు, ఒకే శబ్దం!

ఒక రాత్రి సిస్టర్ పక్క మంచం దగ్గర సెలైన్ సీసా మారుస్తోంది. వీపు నా వైపుంది. మగతలో నా బీప్ శ్రుతి దిగడం మొదలైంది. అలారం ఇంకా మోగలేదు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "అమ్మా, ముక్కుతో గట్టిగా పీల్చండి" అంది. పీల్చాను. శ్రుతి వెంటనే ఎక్కలేదు. ఊపిరితిత్తుల్లో కలిసిన ఆక్సిజన్ రక్తంతో పాటు వేలికొస దాకా రావడానికి కొంత సమయం పడుతుందట. చేతిలో పని ముగించుకుని వచ్చి, పక్కకి జారిన గొట్టాన్ని సరిచేసింది.

"ఎలా తెలిసింది సిస్టర్?" అన్నాను.

"చెవి ఇటే ఉంటుంది కదమ్మా. థియేటర్లో మత్తు డాక్టర్లు కూడా అంతే, కళ్ళు పేషెంటు మీద, చెవి బీప్ మీద."

వేలి దగ్గర కాంతితో ఆక్సిజన్‌ని కొలవడానికి దారి చూపింది 1970ల్లో జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి. ఆ కొలతని శ్రుతిగా మార్చిన వాళ్ళకి కూడా నేను అంతే రుణపడి ఉన్నాను.

అలారాల సంగతి వేరు. క్లిప్పు ఊడినా మోతే, మందు పంపు ఖాళీ అయినా మోతే, ఎవరికో నిజంగా ప్రాణం మీదకి వచ్చినా మోతే. మోగిన ప్రతిసారీ నా గుండె జారేది. సిస్టర్లని తప్పు పట్టలేను. రోజంతా మోగేవాటిలో చాలావాటికి చేయాల్సిందేమీ ఉండదు, చెవి మొద్దుబారక ఏం చేస్తుంది? ఆ మొద్దుబారడంలోనే అసలైన అలారం తప్పిపోయే ప్రమాదం ఉంది.

కోలుకున్నాక దీని గురించి వెతికి చదివాను. యోకో సెన్ అనే సంగీత కళాకారిణి తాను రోగిగా మంచం మీద ఈ మోతలు విన్నాకే ఆసుపత్రి శబ్దాల రూపకల్పనకు పూనుకున్నారు. బ్రిటన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త జూడీ ఎడ్వర్తీ బృందం చేసిన కృషితో, వైద్య పరికరాల అలారాల అంతర్జాతీయ ప్రమాణంలో 2020లో కొత్త శబ్దాలు చేరాయి. గుండెకి లబ్‌డబ్, శ్వాసకి ఊపిరి తీసి వదిలిన చప్పుడు, మందుకి మాత్రల డబ్బా గలగల. ఏది ఏమిటో ప్రత్యేకంగా బట్టీ పట్టక్కర్లేదు. నా మంచం పక్కన అలాంటివి ఉండుంటే, ఖాళీ అయిన పంపు మోగినప్పుడల్లా బిక్కచచ్చిపోయేదాన్ని కాదు.

వార్డుకి మార్చాక క్లిప్పు తీసేశారు. ఊపిరి వ్యాయామాలు మొదలయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం చాలాకాలం వదల్లేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను.

ఇలాంటి యంత్రాలు తయారుచేసే వాళ్ళని ఒకటే కోరుతున్నాను. కొత్త శబ్దాన్ని పరీక్షించేటప్పుడు డాక్టర్లనీ నర్సులనీ ఎలాగూ అడుగుతారు, మంచం మీద ఉన్న మనిషిని కూడా అడగండి. అందరికంటే ఎక్కువసేపు, అందరికంటే దగ్గరగా వినేది ఆ మనిషే.