వానకి కారే ట్రైలర్‌కి సీలెంట్ వేసిన కథ - నా అనుభవం

మేం ఉండేది డాలస్‌లో. పిల్లల్ని పార్కులు తిప్పుదామని పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రావెల్ ట్రైలర్ కొన్నాం, బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు లాంటిది. ఏప్రిల్ వానలయ్యాక లోపలికెళ్తే మంచం పైన సీలింగ్‌కి టీ ఒలికినట్టు మరక. మా ఆవిడ ఊరుకుంటుందా, "చిన్నప్పుడు మీ పెంకుటిల్లు కారేదన్నారుగా, దాని మీద బెంగ పెట్టుకుని డబ్బులిచ్చి మరీ కారేది కొన్నారా" అంది.

మరక పైనే చిల్లుంటుందని ఎక్కి చూశా, ఏం లేదు. నీళ్ళు దిగింది స్కైలైట్ దగ్గర, అంటే వెలుతురు కోసం రూఫ్‌కి పెట్టే కిటికీ, కింద ప్లైవుడ్ మీద పాక్కుంటూ వచ్చి నాలుగడుగులివతల కారింది. రూఫ్ ఈపీడీఎం రబ్బరు షీటు, అది బానే ఉంది, స్కైలైటూ గాలి వెంట్లూ బిగించిన చోట సందులు మూయడానికి వేసే సీలెంటే ఎండిన చెరువులా నెర్రెలిచ్చింది.

అసలు తంటా ఏంటంటే పాత ఓనరు దాని మీద మామూలు సిలికాన్ పూసేశాడు. సిలికాన్ మీద ఇంకేదీ సరిగ్గా అంటుకోదు! పాత సీలెంట్ గట్టిగా అంటుకుని ఉంటే తుడిచి పైన కొత్తది వేసెయ్యొచ్చు, సిలికాన్‌ని మాత్రం మొత్తం పీకాల్సిందే. కత్తి పెడితే రబ్బరు తెగుద్దని హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చ చేస్తూ ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకా, రెండు శని ఆదివారాలు, మోకాళ్ళ కింద ప్లైవుడ్ ముక్క వేసుకుని, అదీ పొద్దున్నే, పదింటికల్లా ఆ రూఫ్ పెనమైపోద్ది. పెట్రోలు, థిన్నరు లాంటివి తగిలితే ఈ రబ్బరు ఉబ్బుద్ది, అందుకే సబ్బు నీళ్ళు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంతే.

డైకార్ కంపెనీ సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్ ట్యూబులు ఆరు పట్టాయి. వేస్తుంటే అట్ల పిండిలా దానంతటదే పరుచుకుని స్క్రూ తలల్ని మింగేస్తుంది, భలే ఉంటుంది చూడ్డానికి. అదే ఊపులో నిలువు అంచుకి కూడా వేశా, మొత్తం జారి పక్క గోడ మీద తెల్లగా చారలు కట్టింది. నిలువుకి జారని రకం వేరే ఉంటుందట, ట్యూబు మీదే రాసుంది, మనం చదివితేగా. పైపొర కొన్ని గంటల్లో కడుతుంది గానీ పూర్తిగా గట్టిపడాలంటే నెల దాకా పడుతుంది.

మరకకి పెయింట్ వేసెయ్యమంది మా ఆవిడ. వద్దని దాని అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేశా. మొన్న రాత్రంతా గాలివాన, నిద్ర పట్టలేదు, తెల్లారగానే చెప్పుల్లేకుండానే వెళ్ళి టార్చి వేసి చూశా. మరక గీత దాటలేదు.