ముందు బండి మనిషి

శనివారం.

మా ఒరెగాన్ రాష్ట్రంలోనే ఉన్న బెండ్ ఊరికి ప్రయాణం ఆగిపోయింది. పొద్దున్నే రోడ్ల పరిస్థితి చెప్పే ట్రిప్‌చెక్ సైటు తెరిచి చూస్తే, దారిలో గవర్నమెంట్ క్యాంప్ అనే ఊరి దగ్గర దట్టంగా మంచు పడుతోంది, టైర్లకు గొలుసులు తప్పనిసరి అని ఉంది. గొలుసులు మా దగ్గర లేకపోలేదు. కొన్నప్పటి నుంచీ డబ్బాలోనే ఉన్నాయి, వెయ్యడం మా ఇద్దరిలో ఎవరికీ రాదు. ఇక్కడ హిల్స్‌బరోలో మాత్రం ఎప్పటి వానే. అక్కడి బ్యాచిలర్ కొండ మీద, మంచులో కుక్కలు లాగే బండి ఎక్కిస్తానని బాబుని వారం నుంచి ఊరిస్తున్నాను మరి, వాడు మొహం ముడుచుకున్నాడు. కనీసం ఆ బళ్ళ కథలైనా చెబుదామని చదవడానికి కూర్చున్నాను. వాడు రెండు దోసెలు తిని ఆటల్లో పడిపోయాడు. నేను మధ్యాహ్నం దాకా లేవలేదు.

రేచల్ స్కడోరిస్ అని బెండ్ ప్రాంతపు అమ్మాయి, 1985లో పుట్టింది. పుట్టుకతోనే అక్రోమటాప్సియా. కంట్లో కోన్ కణాలు పని చెయ్యవు కాబట్టి రంగులు తెలియవు, దూరంగా ఉన్నవి మసకమసకగా కనిపిస్తాయి, వెలుగు అస్సలు పడదు. ఎండ కాస్తే మామూలు కళ్ళే మూసుకుపోయే మంచులో బండి తోలాలని కోరుకుంది ఆ పిల్ల. వాళ్ళ నాన్న జెర్రీ కుక్కల బళ్ళు నడిపే మనిషి, కుక్కల మధ్యే పెరిగింది.

ఈ బండి సంగతి నాకు ఇవాళే సరిగ్గా తెలిసింది. మన ఎడ్లబండికైనా పగ్గాలుంటాయి, దీనికి అవీ లేవు. అంతా నోటిమాటే. జీ అంటే కుడికి, హా అంటే ఎడమకి. ముందు నడిచే లీడ్ కుక్కలు విని తిరుగుతాయి, మిగతావి వాటి వెంట పోతాయి. దారి వెతుక్కోవడం కుక్కల పని. తోలేవాడు వెనక రన్నర్ల మీద, అంటే మంచు మీద జారే బండి కింది పట్టీల మీద నిలబడి, ఒంగి, బ్రేకు తొక్కుతూ బండి బోర్లా పడకుండా చూసుకోవాలి. అంటే కళ్ళతో పని లేదని కాదు. తల ఎత్తున వేలాడే కొమ్మ, హఠాత్తుగా వచ్చే మలుపు, నున్నటి గడ్డమంచు కుక్కలు వచ్చి చెప్పవు. అందుకని ముందు ఇంకొకరు వెళ్తూ రేడియోలో చెబుతారు: కొమ్మ ఉంది వంగు, మలుపు వస్తోంది. అంతే. ఆమెకు కావలసిన సాయం ఆ మాత్రమే.

ఆ మాత్రం సాయానికి ఎన్ని వాదనలో! అలాస్కాలో ఐడిటరాడ్ అని దాదాపు 1600 కిలోమీటర్ల కుక్కల బళ్ళ రేసు ఉంది. యాంకరేజ్ వైపు నుంచి నోమ్ దాకా, 1973 నుంచి జరుగుతోంది. ఆమె అందులో పాల్గొంటానంటే భద్రత మాటేమిటి, మిగతావాళ్ళకు అన్యాయం కాదా అని చర్చ. ఆమెకు ముందు స్నోమొబైల్, అంటే మంచు మీద పోయే మోటారు బండి, వెళ్ళడానికి ఒప్పుకోలేదు. చివరికి ఇంకో మషర్ (కుక్కల బండి తోలేవాళ్ళని అలా అంటారు) తన కుక్కల బండితో ముందు వెళ్ళొచ్చు, ఇద్దరి దగ్గరా రేడియోలు ఉండొచ్చు అని తేల్చారు. 2005లో దిగింది. కుక్కలకు జబ్బు చేస్తే దారిలో ఈగిల్ ఐలండ్ అనే మజిలీ దగ్గర ఆపేసింది. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళి, 12 రోజులు పైన పట్టినా, 57వ స్థానంలో నోమ్ చేరింది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఐడిటరాడ్ కాదు. దానికి ముందే, 2000ల మొదట్లో, తండ్రీ కూతుళ్ళు ఒరెగాన్‌లో సొంతంగా ఒక రేసు పెట్టారు. అట్టా బాయ్ 300 అని, కుక్కల ఆహారం కంపెనీ పేరు మీద. వైకల్యం ఉన్నవాళ్ళ పక్షాన నిలబడాలనే పెట్టిన రేసు. రేసు పెట్టడమంటే అనుమతులు, ట్రైలు చదును చెయ్యడం, పశువైద్యులు, వాలంటీర్లు, డబ్బు. ఇన్ని తంటాలు ఎందుకు పడ్డారా అనుకున్నాను. ఇంకొకరి రేసులో అయితే నన్ను రానిస్తారా అని గుమ్మంలో నిలబడాలి. తమ రేసులో ఆ ప్రశ్నే పుట్టదు. నాకు తోచింది ఇది, వాళ్ళ మనసులో ఏముందో మరి.

సాయంత్రం రాజమండ్రి ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున్న. చెల్లికి ఆర్.పీ. అంటే రెటినైటిస్ పిగ్మెంటోసా. చీకటి పడితే ఏమీ కనిపించదు, పగలు కూడా గొట్టంలోంచి చూసినట్టు మధ్య భాగమే. కథంతా విని "దానికి వెలుగు శత్రువు, నాకు చీకటి. ఇద్దరం కలిసి ఉద్యోగం చేస్తే రెండు షిఫ్టులూ సరిపోతాయి" అని నవ్వింది. తరవాత ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

"ముందు బండాయన సంగతేంటి అన్నయ్యా? ఆయన రేసు ఏమైపోయినట్టు?"

2006లో ముందు వెళ్ళినాయన టిమ్ ఓస్మార్, ఆ రేసు ఎన్నోసార్లు చేసిన పాతకాపు అని చెప్పాను.

"అదీ! పని వచ్చినవాణ్ణి ఇచ్చారు. నాకు ఎవర్నిచ్చారో గుర్తుందా?"

గుర్తుంది. ఎం.ఏ. పరీక్షకు ఇంటర్ పిల్లని స్క్రైబ్‌గా, అంటే తను చెప్పింది రాసిపెట్టడానికి, పంపారు. స్క్రైబ్ మనకన్నా తక్కువ చదివి ఉండాలి, లేకపోతే జవాబులు తనే రాసేస్తుందని అనుమానం. ఇది వెర్సాయ్ సంధి అని చెబితే ఆ పిల్ల కలం ఆపి "సవర్ణదీర్ఘ సంధి తెలుసు అక్కా, ఇదెక్కడి సంధి?" అని అడిగిందట. గంటకు ఇచ్చే 20 నిమిషాల అదనపు సమయం స్పెల్లింగులకే సరిపోయింది.

"పాసయ్యాక అందరూ నీ ధైర్యం నీ ధైర్యం అన్నారు. ఆ పిల్లకి సంధి తెలిసుంటే నాకు ధైర్యంతో పనేముంది?"

ఏమీ అనలేకపోయాను.

తన గొడవ ఇప్పుడు వేరే ఉంది. వాళ్ళ స్కూల్లో ఎనిమిదో తరగతిలో చూపు బాగా తక్కువైన కుర్రాడు ఉన్నాడు. స్పోర్ట్స్ డే నాడు వాణ్ణి టెంటు కింద కూర్చోబెట్టి, చివర్లో పిలిచి స్టీలు పళ్ళెం ఇస్తారు. ఈసారి వాణ్ణి పరిగెత్తించాలని దీని పట్టు. పక్కన ఒక కుర్రాడు, ఇద్దరి చేతులకీ ఒక చిన్న తాడు. అలాంటి జంటలు నాలుగైతే ఒక రేసు. సోమవారం పీఈటీ మేష్టారిని అడుగుతుందట.

పక్కన పరిగెత్తేవాడు క్లాసులో అందరికన్నా వేగంగా పరిగెత్తేవాడే కావాలంది. అలాంటివాడు తన కప్పు వదులుకుని వస్తాడా అన్నాను.

"వదులుకోవడం దేనికి? పారాలింపిక్స్‌లో గైడ్‌కి కూడా పతకం ఇస్తున్నారుగా. ఇద్దరికీ చెరో కప్పు ఇస్తాం. కప్పులు నీ ఖాతాలో."

పళ్ళేలు వద్దు, అన్నీ ఒకే సైజు కప్పులు కావాలని మరీ మరీ చెప్పింది. రేపు డబ్బులు పంపాలి.