నెట్ ఆంత్రోపాలజీ: పుర్రె కొలతల దగ్గర మార్కులు ఎక్కడ పోతాయంటే

రిజల్ట్ వచ్చింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) దక్కింది. హనుమకొండ రీడింగ్ రూముల్లో ఇదే సబ్జెక్టు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క టాపిక్ గురించే రాస్తున్నా. పుర్రె కొలతలతో ఆ మనిషి పూర్వీకులు ఏ జనసమూహం వాళ్లో అంచనా కట్టడం. నా పోయిన అటెంప్ట్‌ను ముంచింది ఇదే.

కపాల సూచిక ఫార్ములా (తల వెడల్పును పొడవుతో భాగించి, వందతో గుణించడం) మీకు వచ్చు. తప్పు ఆ తర్వాత జరుగుతుంది. పొడవు 178 మి.మీ., వెడల్పు 135 మి.మీ. అనుకోండి. సూచిక 75.8. ఎండు పుర్రె అయితే ఇది మీసో, అంటే మధ్యరకం తల, ఎందుకంటే ఎముక మీద మీసో 75 దగ్గర మొదలవుతుంది. అదే బతికున్న మనిషి తలైతే డాలికో, అంటే పొడుగు తల, అక్కడ మీసో మొదలయ్యేది 76 నుంచి. ముక్కు సూచికలో (వెడల్పును ఎత్తుతో భాగించి, వందతో గుణించడం) తేడా ఇంకా పెద్దది: ఎముక మీద మధ్యరకం ముక్కుకు హద్దులు 47, 51, బతికున్నవాళ్లకు 70, 85. ప్రశ్నలో పుర్రె అన్నాడా, తల అన్నాడా అన్నదే ముందు చూడండి.

ఇంత చిన్నదానికి ఇంత రాయాలా అనొద్దు. ముక్కు వెడల్పు 25, ఎత్తు 50 అయితే సూచిక 50, మీసోరైన్ (మధ్యరకం ముక్కు). ఎత్తు ఒక్క మిల్లీమీటరు తక్కువ చదివితే 51.02, కెమీరైన్ (వెడల్పు ముక్కు) అయిపోతుంది. రోజూ పొద్దున్నే పది లెక్కలు చేయాల్సిందే. చదివితే సరిపోదు, చేతికి రావాలి.

ప్రాక్టికల్‌లో స్ప్రెడింగ్ కాలిపర్ (వంపు చేతుల కొలత పరికరం) ఒక మొనను గ్లాబెల్లా, అంటే కనుబొమల మధ్య బిందువు మీద వేళ్లతో కదలకుండా పట్టుకోవాలి. రెండో మొనను వెనక నడిమి గీత మీద పైకీ కిందికీ జరపాలి. ఎక్కువ రీడింగ్ వచ్చిన చోటే ఒపిస్తోక్రేనియన్, అంటే పొడవు కొలతకు వెనక బిందువు. చాలామంది వెనక బుడిపె మీద, అంటే ఇనియాన్ మీద పెట్టేస్తారు. వెడల్పు తీసేటప్పుడు రెండు మొనలూ ఒకే ఎత్తులో ఉండాలి, చెవి వెనక గట్టు మీదికి జారకూడదు. మూడుసార్లు కొలవండి. మట్టి బరువుకు వంగిన పుర్రె, ఎదుగుదల ఆగని పిల్లల పుర్రె అయితే ఈ అంచనా నిలవదు.

చరిత్ర తొందరగా అయిపోతుంది: 1842లో స్వీడన్ శాస్త్రవేత్త రెట్జియస్ కపాల సూచిక, మన దగ్గర బ్రిటిష్ అధికారి రిస్లీ ముక్కు కొలతలు, అమెరికాకు వలస వెళ్లినవాళ్ల పిల్లల తలల మీద ఆంత్రోపాలజిస్టు బోయాస్ పని.

స్టాటిస్టిక్స్ భాగాన్ని మాత్రం వదలొద్దు. 1962లో జైల్స్, ఇలియట్ మూడు సమూహాలను వేరు చేయడానికి ఎనిమిది కొలతలతో డిస్క్రిమినెంట్ ఫంక్షన్ (కొలతలన్నీ కలిపి సమూహాన్ని తేల్చే లెక్క) కట్టారు. ఇదే పని చేసే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఫోర్డిస్క్ 1993లో వచ్చింది. అందులో పోస్టీరియర్ ప్రాబబిలిటీలన్నీ (ఉన్న సమూహాల్లో ఒక్కోదానికి చెందే అవకాశాలు) కలిపితే ఎప్పుడూ 1 అవుతుంది, అసలు సమూహం డేటాలో లేకపోయినా సరే. ఫోర్డిస్క్‌లో వాడే హోవెల్స్ డేటా (ప్రపంచంలోని పలు సమూహాల పుర్రె కొలతలు) సమూహాల్లో అండమాన్ ఉంది, మన దేశపు ప్రధాన భూభాగం లేదు. కరీంనగర్‌లో దొరికిన పుర్రె కొలతలు అందులో వేస్తే అది ఏదో ఒక పేరు చెప్తుంది. అప్పుడు టిపికాలిటీ, అంటే ఆ పుర్రె ఆ సమూహంలో సహజంగా కనిపించేదేనా అన్న సంభావ్యత చూడాలి. అది 0.05 కన్నా తక్కువుంటే ఆ పుర్రె ఆ సమూహంలో ఇమడలేదని రాయండి.