నాన్న సిగరెట్, అమ్మ ఆయాసం: మీటర్ పెట్టాక మా ఇంట్లో ఏం జరిగింది

అమ్మకి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు. ఒక్క సిగరెట్ కూడా ముట్టని మనిషికి ఇదేంటని బాధపడ్డాం గానీ, కట్టెల పొయ్యి మీద వండిన ఏళ్లు, పైగా ఇంట్లో పీల్చిన సిగరెట్ పొగ, రెండూ కారణం కావచ్చని డాక్టర్ చెప్పారు. ఇన్‌హేలర్లు రాస్తూనే, ఇంట్లో పొగ ఆగాల్సిందే అన్నారు. నాన్న మాత్రం "నేను తాగేది వరండాలోనేగా" అని తేల్చేశారు.

వాదనలతో అయ్యే పని కాదని గాలి నాణ్యత చూపే చిన్న మీటర్ కొని అమ్మ మంచం పక్కన పెట్టాను. అది గాలిని లోపలికి లాక్కుని, లేజర్ కాంతి ఎంత చెదిరిందో చూసి పీఎం 2.5 లెక్క చెబుతుంది, అంటే ఊపిరితిత్తుల లోతుల్లోకి పోయేంత సన్నని నలుసులన్నమాట. అది సిగరెట్ పొగని విడిగా గుర్తుపట్టలేదు, పోపు వేసినా, అగరబత్తి వెలిగించినా, దోమల కాయిల్ పెట్టినా అంకె లేస్తుంది. అందుకే ముందు కొన్నాళ్లు ఏ టైముకి ఇంట్లో ఏం జరిగిందో కాగితం మీద రాసుకున్నాను. మీరూ రాసుకోండి, లేకపోతే "అదంతా పోపు వల్లే" అంటారు.

ఒక రాత్రి వంటిల్లు సర్దేశాక మీటర్ 30 దగ్గర ఉంది. నాన్న వరండాలో వెలిగించారు, తలుపు ఓరగా వేసి ఉంది. కాసేపటికి 60, తర్వాత 110, 180... ఆయన సిగరెట్ ఆర్పేసి లోపలికొచ్చి టీవీ ముందు కూర్చున్నా అది వెంటనే దిగలేదు. ఫ్యాన్ కూడా ఆ గాలినే గదంతా తిప్పుతుంది. 24 గంటల సగటు ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో చెప్పింది, మన దేశ ప్రమాణం 60. నేనేమీ అనకుండా మీటర్ తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి "ఇంత లోపలికొస్తోందా?" అన్నారు.

మర్నాటి నుంచి తలుపు మూసి గేటు బయటికెళ్లడం మొదలుపెట్టారు, అంకె పెద్దగా కదల్లేదు. అది చూశాక ఆయనకే పట్టుదల వచ్చింది. సిగరెట్ పెట్టె మీదుండే 1800-11-2356 క్విట్‌లైన్‌కి, అంటే పొగాకు మానడానికి సాయం చేసే నంబరుకి, తనే ఫోన్ చేశారు. పూర్తిగా మానలేదు, పొద్దున కాఫీ తర్వాతది ఇంకా వదల్లేకపోతున్నారు, దాని మీద నేను గొడవ పెట్టుకోను. మొన్న మావయ్య వచ్చి సోఫాలో కూర్చుని అగ్గిపెట్టె తీస్తే, "ఇక్కడొద్దు బావా, మీ చెల్లెలికి పడదు" అని నాన్నే చెప్పి గేటు దాకా తీసుకెళ్లారు.