డ్యామ్ అడుగున ఎక్కడ చూశామో రాసిపెట్టుకుందాం

డ్యామ్‌ని బయటి నుంచి తనిఖీ చేయడం మన ఇంజినీర్లకు బాగా వచ్చు. డ్యామ్ లోపల సొరంగంలా ఉండే గ్యాలరీలోకి దిగి ఊట నీరు ఎంత వస్తోందో కొలుస్తారు. గేట్ల రోప్‌లకు గ్రీజు పెట్టారా లేదా చూస్తారు, గేట్ల మధ్య స్తంభాలైన పియర్ల మీద పగుళ్లకు పెయింట్‌తో గుర్తు పెడతారు. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం ప్రకారం వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి తనిఖీ తప్పనిసరి. కానీ నీళ్లలో మునిగి ఉన్న భాగం సంగతి వేరు. ఎగువ వైపు గోడ, తూముల ముందు చెత్తను ఆపే ట్రాష్ రాక్‌లు, స్టాప్‌లాగ్ (గేటు బదులు అడ్డంగా దించే దిమ్మె) గాడుల అడుగు, వరద నీళ్లు దూకే స్పిల్‌వే కింద పరిచిన కాంక్రీటు ఆప్రాన్ అంచు... వీటిని కట్టిన రోజుల్లో చూసినవాళ్లు రిటైరై ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ తర్వాత చాలా చోట్ల ఎవరూ చూడలేదు.

నా పని అక్కడికి ఆర్‌ఓవీని, అంటే మనిషి లేకుండా పైనుంచి నడిపే నీటి అడుగు యంత్రాన్ని, పంపడం. ఒక పెద్ద సూట్‌కేసంత ఉండే యంత్రం. చుట్టూ చిన్న ప్రొపెల్లర్లు, ముందు కెమెరా, లైట్లు, పైన సోనార్ ఉంటాయి. వెనక నుంచి కేబుల్. నీళ్లలో రేడియో సిగ్నల్ పనిచేయదు కాబట్టి వీడియో పైకి రావాలన్నా, మన కమాండ్ కిందికి వెళ్లాలన్నా ఆ కేబులే దిక్కు. అందుకే కేబుల్ వదిలే మనిషి యంత్రాన్ని నడిపే పైలట్‌తో సమానం. ట్రాష్ రాక్‌కి పట్టుకున్న చెట్టు కొమ్మలోనో, చేపల వలలోనో అది చిక్కుకుందంటే ఆ రోజు పని అయిపోయినట్టే.

ఈ యంత్రాల అసలు చోటు సముద్రం. కాకినాడ తీరానికి 60 కిలోమీటర్ల దూరంలో, కేజీ బేసిన్‌లోని ఆర్ క్లస్టర్ గ్యాస్ క్షేత్రంలో నీటి లోతు 2000 మీటర్లు దాటుతుంది. అక్కడికి మనిషి వెళ్లే ప్రశ్నే లేదు, వాల్వ్ తిప్పాలన్నా ఆర్‌ఓవీ చెయ్యే తిప్పాలి. నేనూ పని నేర్చుకున్నది ఆఫ్‌షోర్‌లోనే. డ్యామ్‌ల దగ్గరికి వచ్చాక అర్థమైంది, ఇక్కడ లోతు తక్కువే గానీ పని తేలిక కాదు.

మొదటి కష్టం బురద. వరద తగ్గిన కొత్తలో కృష్ణా నీళ్లలో కెమెరా పెడితే స్క్రీన్ నిండా గోధుమ రంగే. అడుగుకు దగ్గరగా వెళ్తే మన ప్రొపెల్లర్లే పూడికను లేపి ఉన్న కాస్త చూపునూ చెడగొడతాయి. అప్పుడు సోనార్ మీద ఆధారపడాలి. అది శబ్దం పంపి, తిరిగొచ్చిన శబ్దంతో బొమ్మ గీస్తుంది. బురద దానికి అంతగా అడ్డు కాదు. పియర్ అంచు ఎక్కడుందో, ఆప్రాన్ స్లాబ్ ఎక్కడ విరిగిందో తెలుస్తుంది. సన్నటి పగులు మాత్రం తెలియదు. దానికి కెమెరాయే కావాలి, అంటే నీళ్లు తేరుకునే దాకా ఆగాలి. చలికాలం నుంచి ఎండాకాలం మధ్య దాకా మాకు సీజన్.

రెండోది నీటి లాగుడు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా డైవర్లతో పని చేయించేవాళ్లుంటే ఈ పేరా ఇంకోసారి చదవండి. గేటు కింద సీల్ పోయి చిన్న సందు ఉందనుకోండి. దాని పైన 30 మీటర్ల నీళ్లున్నాయి, అవతల ఖాళీ. అప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 3 కిలోల బరువు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న కన్నం దగ్గర మనిషి అడ్డం పడితే రెండున్నర టన్నులకు పైగా శక్తి అతన్ని అక్కడే అదిమి పట్టేస్తుంది. నీళ్లు లాగుతున్నట్టు దగ్గరికి వెళ్లే దాకా తెలియదు, తెలిశాక బయటపడలేడు. ప్రపంచంలో చాలామంది డైవర్లు ఇలాగే పోయారు. యంత్రమైతే? కేబుల్ కోసి వదిలేస్తాం. ఖరీదైనదే, అయినా వదిలేస్తాం.

ఒక ప్రాజెక్టు దగ్గర ఏళ్ల తరబడి గేట్ల కింద దిగిన డైవర్ ఒకాయన మా స్క్రీన్ పక్కన కూర్చుని చూసేవారు. "బాబాయ్, మీరు దిగినప్పుడు ఏం కనపడేది?" అని అడిగాను. "కనపడటం ఎక్కడ బాబూ, తడుముకోవటమే. గాడిలో చెయ్యి పెట్టి రాయి ఉందో లేదో చెప్పేవాణ్ణి. పైనున్న సార్ రాసుకునేవాడు" అన్నారు. ఆయన తడిమి చెప్పింది చాలా వరకు నిజమే అయి ఉంటుంది. కానీ ఆ చేతికి తెలిసింది పైకి వచ్చేసరికి ఒక వాక్యం అయిపోయేది, "గాడి బాగుంది" అని.

ఆ గాడి ఎంత ముఖ్యమో 2024లో అందరికీ తెలిసింది. ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైన్ తెగి గేటు కొట్టుకుపోయింది. నీళ్లు పారుతుండగానే దాని స్థానంలో స్టాప్‌లాగ్‌లు దించారు. అలాంటి రోజు ఏ ప్రాజెక్టుకు వచ్చినా గాడి ఖాళీగా, అడుగు సాఫీగా ఉండాలి. అక్కడ కాంక్రీటు ముక్కో, మొద్దో ఇరుక్కుని ఉంటే స్టాప్‌లాగ్ కూర్చోదు. అది ముందే చూసిపెట్టుకోవాల్సిన విషయం.

శ్రీశైలం మాట కూడా చెప్పాలి. 2009 అక్టోబరులో డ్యామ్‌కు 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, స్పిల్‌వే డిజైన్ సుమారు 19 లక్షలకే. గేట్ల నుంచి దూకే నీళ్లు కింద అవి పడే మడుగులో, ప్లంజ్ పూల్‌లో, బండనే తవ్వేస్తాయి. ఆ గొయ్యి గురించి ఇప్పటికీ చర్చ నడుస్తోంది. పడవ మీద నుంచి సోనార్‌తో గొయ్యి లోతు కొలవచ్చు. కానీ కాంక్రీటు అంచు కింద బండ లోపలికి కోసుకుపోతే పైనుంచి చూసే సోనార్‌కి అది దొరకదు, పైనున్న అంచే దాన్ని కప్పేస్తుంది. ఇలాంటి చోట యంత్రం కిందికి దిగి పక్క నుంచి లోపలికి చూడాలి. వేరే ఏ మార్గమూ దీనికి సాటి రాదని నా నమ్మకం.

ఇంత చెప్పి అసలు బాధ చెప్పకపోతే ఎలా? ఒక పాత ప్రాజెక్టులో గ్యాలరీలో ఊట పెరిగిందని మమ్మల్ని పిలిచారు. అంతకుముందు ఎవరో తీసిన ఆర్‌ఓవీ వీడియో కూడా ఇచ్చారు, గంటల కొద్దీ ఉంది. మంచి కెమెరా, మంచి లైటు. రెండు కాంక్రీటు బ్లాకులు కలిసే ఒక జాయింట్ దగ్గర తెల్లటి సున్నం చార, పక్కన సన్నటి పగులు కనిపిస్తున్నాయి. అది ఏ బ్లాకు? ఏ మట్టం? వీడియోలో "లోతు 18 మీటర్లు" అని మాత్రమే ఉంది. ఆ రోజు రిజర్వాయర్ మట్టం ఎంతో ఎక్కడా రాయలేదు. నీటిమట్టం రోజూ మారేటప్పుడు పైనుంచి 18 మీటర్లు అంటే ఏ చోటైనా కావచ్చు. ఆ పగులు పెరిగిందా లేదా అని అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారు అడిగితే మా దగ్గర జవాబు లేదు.

నీళ్లలో జీపీఎస్ రాదు. ఇనుప గేటు దగ్గర యంత్రంలోని దిక్సూచి పిచ్చిగా తిరుగుతుంది. అందుకని మేం పాత పద్ధతే పట్టుకున్నాం. డ్యామ్ పైన పిట్టగోడ మీద బ్లాక్ జాయింట్ దగ్గర నుంచి బరువు కట్టిన తాడు వదులుతాం, దానికి మీటరు మీటరుకు రంగు గుడ్డలు. ఆర్‌ఓవీ ఆ తాడు వెంబడే దిగుతుంది. పని మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు రిజర్వాయర్ మట్టం రాస్తాం. ప్రతి లోతునూ సముద్ర మట్టం నుంచి ఎత్తుగా మార్చి స్క్రీన్ మీద పడేలా పెడతాం. పగులు వెడల్పు కోసం రెండు లేజర్ చుక్కలు ఉంటాయి, వాటి మధ్య దూరం సరిగ్గా 10 సెంటీమీటర్లు. ఫొటోలో చుక్కలు పడితే దాన్ని బట్టి పగులు కొలుచుకోవచ్చు.

ఆ జాయింట్ దగ్గర రంగు నీళ్లు కూడా వదిలాం. యంత్రానికి కట్టిన సిరంజి నుంచి ఆకుపచ్చ రంగు వచ్చి, కాసేపు మేఘంలా నిలిచి, ఒక్కసారిగా సందులోకి పోయింది. గ్యాలరీలో ఫోన్ సిగ్నల్ ఉండదు, రంగు వచ్చిందని చెప్పడానికి లస్కర్ (ప్రాజెక్టు దగ్గర పనిచేసే సిబ్బంది) ఒకతను మెట్లు ఎక్కి పరుగున వచ్చాడు. ఏ డ్రెయిన్‌లో ఎన్ని నిమిషాలకు వచ్చిందో రాసుకున్నాం. ఊట దారి దొరికింది. ఆ మొత్తం సమయం పవర్ హౌస్ యూనిట్లు ఆపి, రాతపూర్వకంగా పర్మిట్ తీసుకున్నాకే యంత్రం దించాం. ఆ కాగితం చేతికి వచ్చే దాకా నాకు టెన్షనే.

దేశంలో 6000కు పైగా పెద్ద డ్యామ్‌లున్నాయి, వాటిలో 1000కి పైగా యాభై ఏళ్లు దాటినవి. ఆర్‌ఓవీలు ఇప్పుడు చెన్నైలో, కొచ్చిలో కూడా తయారవుతున్నాయి, కాబట్టి యంత్రం లేదని చెప్పే రోజులు పోయాయి. నీటిపారుదల శాఖలో టెండర్లు రాసే మిత్రులకు నా విన్నపం ఒకటే. "అండర్‌వాటర్ వీడియోగ్రఫీ, ఇన్ని గంటలు" అని రాసి వదిలేయకండి. బ్లాక్ నంబరు, సముద్ర మట్టం నుంచి ఎత్తు, ఆ రోజు నీటిమట్టం, లేజర్ స్కేలు ఉన్న ఫొటో, ఈ నాలుగూ లేని లోపం లెక్కలోకి రాదని షరతు పెట్టండి. పచ్చి వీడియో మొత్తం ప్రాజెక్టు ఆఫీసులోనే ఉండాలని, వచ్చే ఏడాది వచ్చే టీమ్‌కు, అది మేం కాకపోయినా సరే, ఇవ్వాలని కూడా రాయండి.