జేమ్స్ విల్సన్ గురించి మా పిల్లలకు ఏం చెప్పాం

మన తెలుగు కుటుంబాల్లో చాలామందిమి పిల్లల చరిత్రను రెండుగా విడదీస్తుంటాం. రామాయణ భారతాలు, శాతవాహనులు, కాకతీయులు ఇంటి చదువు. అమెరికా చరిత్ర బడి చదువు, మార్కుల కోసం. ఫిలడెల్ఫియా దగ్గర ఉంటున్న మాకు ఈ విభజన నిలబడలేదు. రాజ్యాంగ నిర్మాతల పాఠం చదువుతూ మా అమ్మాయి, "వాళ్లెవరూ మన తాతముత్తాతలు కారు కదమ్మా, ఇది మన చరిత్ర ఎలా అవుతుంది?" అని అడిగినప్పుడు, నేను జార్జి వాషింగ్టన్‌ను పక్కనపెట్టి, ఆ నిర్మాతల్లో ఒకడైన జేమ్స్ విల్సన్ గురించి చెప్పడం మొదలుపెట్టాను.

విల్సన్ 1742లో స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో, ఒక రైతు ఇంట పుట్టాడు. సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చదివి, ఇరవై మూడేళ్ల ప్రాయంలో సముద్రం దాటి వచ్చాడు. ఫిలడెల్ఫియా కళాశాలలో పాఠాలు చెప్పి, జాన్ డికిన్‌సన్ అనే న్యాయవాది దగ్గర న్యాయశాస్త్రం నేర్చుకుని, రెడింగ్‌లోనూ ఆ తరువాత కార్లైల్‌లోనూ వకాల్తా చేశాడు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన మీద, 1787 నాటి రాజ్యాంగం మీద, రెండింటి మీదా సంతకం చేసినవారు ఆరుగురే. వారిలో ఇతను ఒకడు. అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని ఆ రాజ్యాంగాన్ని రాసిన సమావేశంలో పట్టుబట్టినవాడూ ఇతనే.

నేను ఎక్కువసేపు ఆగి చెప్పింది 1787 ఆగస్టు 9 నాటి చర్చ గురించి. సెనేటర్ (ఎగువ సభ సభ్యుడు) కావాలంటే పద్నాలుగేళ్లుగా పౌరుడై ఉండాలని గవర్నియర్ మోరిస్ అనే సభ్యుడు ప్రతిపాదించినప్పుడు, విల్సన్ లేచి, తాను ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణి కానని గుర్తుచేశాడు. కొందరి ఆలోచనలు అమలైతే, ఏ రాజ్యాంగాన్ని రాసే బాధ్యతలో తాను పాలుపంచుకున్నాడో ఆ రాజ్యాంగం కిందే పదవికి అనర్హుడయ్యే అవకాశం ఉందని అన్నాడు. పెన్సిల్వేనియా నుంచి మేరీలాండ్‌కు మారినప్పుడు, అక్కడ తగినంత కాలం నివసించలేదన్న కారణంగా కొన్ని పదవులకు అర్హత దక్కకపోవడం తనను ఎంత నొప్పించిందో కూడా చెప్పాడు. ఆ పదవులు తనకు అక్కరలేదు, అయినా అనర్హుడనిపించుకోవడం బాధించింది. వలస వచ్చిన ఏ తల్లికైనా తండ్రికైనా ఈ మాటలు వివరించి చెప్పనక్కరలేదు. చివరకు ఆ గడువు తొమ్మిదేళ్లుగా కుదిరింది.

అయితే ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదని కూడా పిల్లలకు చెప్పాం. 1790 నాటి చట్టం వలస వచ్చినవారికి ఇచ్చే పౌరసత్వాన్ని స్వేచ్ఛగా ఉన్న శ్వేతజాతీయులకే పరిమితం చేసింది. విల్సన్ తొలి న్యాయమూర్తులలో ఒకడిగా కూర్చున్న సుప్రీం కోర్టే, 1923లో, పంజాబు నుంచి వచ్చి అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్‌కు పౌరసత్వ అర్హత లేదని తేల్చింది. భారతీయులకు ఆ అర్హత 1946లో గాని దక్కలేదు.

విల్సన్ పతనాన్ని కూడా దాచలేదు. భూములు చవకగా కొని లాభాలు గడించాలన్న ఆశ అతన్ని అప్పుల్లో ముంచింది; సుప్రీం కోర్టు న్యాయమూర్తిగా ఉంటూనే 1797లో న్యూజెర్సీలోని బర్లింగ్‌టన్‌లో అప్పు కింద జైలుపాలయ్యాడు. మరుసటి ఏడాది ఆగస్టులో నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్‌లో చనిపోయాడు. భూమి మీద మనవాళ్లకున్న మమకారం తెలిసినదాన్ని కనుక ఈ భాగాన్ని శ్రద్ధగా చెప్పాను.

పిల్లలను కలవరపెట్టింది మాత్రం అప్పులు కాదు. చట్టసభలో ఒక్కో రాష్ట్రానికి దక్కే ప్రాతినిధ్యాన్ని జనాభాను బట్టి లెక్కించేటప్పుడు బానిసలలో ఐదింట మూడు వంతుల మందినే లెక్కలోకి తీసుకోవాలన్న ప్రతిపాదనను 1787 జూన్ 11న ఆ రాజ్యాంగ సమావేశం ముందుంచినవాడు విల్సనే. "తనను అనర్హుడంటే అంత బాధపడినవాడు, రెండు నెలల ముందు ఆ మాట ఎలా అనగలిగాడు?" అని అమ్మాయి నిలదీసింది. దక్షిణాది రాష్ట్రాలను ఒప్పించడానికి కుదుర్చుకున్న రాజీ అది అనీ, దానివల్ల ఓటు లేని బానిసల పేరిట యజమానుల బలమే పెరిగిందనీ చెప్పాను. కారణం చెప్పాను గాని, అతన్ని వెనకేసుకు రాలేదు.