ఆగడం రాని వయసు

16 ఏళ్లప్పుడు నాకు ‘తర్వాత’ అనే ఆలోచనే ఉండేది కాదు. కోపమొస్తే ఫోన్ విసిరేయడం, ఎవరైనా రెచ్చగొడితే గోడ మీంచి దూకేయడం. ఇంట్లోవాళ్లు దుడుకు అనేవారు, ఫ్రెండ్స్ ధైర్యం అనేవారు. నేను ఫ్రెండ్స్ మాటే నమ్మాను, ఇంకేముంది!

21 వచ్చేసరికి ఆ దుడుకే మందు గ్లాసులోకి దిగింది. ఒకటితో ఆపడం చేతకాదు. 2 గంటల్లో 5 డ్రింకులు లాగించేసేవాణ్ణి. దాన్నే బింజ్ డ్రింకింగ్ అంటారని, ఆడవాళ్లకైతే ఆ లెక్క 4 అని చాలా తర్వాత తెలిసింది.

మొన్న కౌన్సెలర్ అడిగారు, “సరదాకి తాగేవాడివా, మనసు బాగోలేకా?” అని. సరదాకే అనబోయి ఆగిపోయాను. గొడవపడిన రాత్రులు, పరీక్ష పోయిన రాత్రి... గుర్తు చేసుకుంటే అన్నీ అవే. బాధలో ముందూవెనకా చూడకుండా ఏదో ఒకటి చేసేయడం కూడా ఒక రకం దుడుకుతనమేనట, తాగుడు సమస్యలతో దానికి గట్టి ముడి ఉందట. మనల్ని ఆపే మెదడు ముందు భాగం 25 ఏళ్లు దగ్గరపడేదాకా ఎదుగుతూనే ఉంటుందనీ చెప్పారు. విని కాస్త ఊరట. కాస్త ఒళ్లు మండింది కూడా, ఎదుగుతున్న దానిమీదే పోశాను కదా!

ఇప్పుడు కోపమొస్తే చెప్పులేసుకుని బయటికి నడుస్తాను. నిన్న రాత్రి రెండుసార్లు వెళ్లొచ్చాను.